డబ్బాకు పెట్టిన పాత బ్యాటరీ

ఒక మాట నా లోపల ఏళ్ల తరబడి ఉండిపోయింది. అట్లాంటి మాటను అందరూ బరువు అంటారు. మొదట్లో నాకూ బరువుగానే ఉండేది. ఇప్పుడు అట్లా లేదు. చాలాసేపు ఒకే తీరున కూర్చుంటే కాలు మొద్దుబారుతుంది కదా, గిచ్చినా తెలియదు, అట్లా ఉంది. నొప్పి లేదు. కానీ నాది అన్నట్టు కూడా లేదు.

నేను మూడో తరగతి దాకా చదివాను. ఆ తరువాత బర్రెల వెంట పంపారు. అక్షరాలు మరిచిపోలేదు గానీ చేయి నెమ్మది. తప్పులుంటే మీరే సర్దుకోండి. నా పేరు చెప్పను. తెలిసినవాళ్లకు చెప్పగలిగితే ఎప్పుడో చెప్పేదాన్ని. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెబుతున్నాను.

మాది కరీంనగర్‌కు పోయి రావడానికి ఒక పూట పట్టే ఊరు. నా కొడుకూ కోడలూ నస్పూర్‌లో ఉంటారు, వాడికి బొగ్గు బావిలో పని. ఇక్కడి పొలమూ ఇల్లూ నా చేతిలోనే. నేను గట్టి మనిషినని ఊళ్లో పేరు. దర్వాజా పాతదైతే అందులోని మేకులు పీకి, రాయి మీద పెట్టి సుత్తితో సాపు చేసి దాచుకుంటాను. సబ్బు అరిగి పెంకైతే కొత్త సబ్బుకు అతికిస్తాను. మా దగ్గర పనికి వచ్చే రాజయ్య నా ముందరే అంటాడు, "పటేలమ్మ ఇంట్ల దోమ గూడ ఉపాసముంటది" అని. నాకు కోపం రాదు. అందులో అబద్ధం లేదు.

ఈ పొదుపే నా తప్పుకు మొదలు అని రాయబోయాను. ఆగాను. పొదుపు తప్పు చేయలేదు. చేసింది నేను. అయినా మళ్లీ పొదుపు మీదికి తోద్దామని చూస్తున్నాను. ఇన్నేళ్ల తరువాత కూడా.

నా మనుమరాలి సంగతి చెప్పాలి. కొడుకు బిడ్డ. ఆమెను శ్రావణి అంటాను, అసలు పేరు అది కాదు. కరీంనగర్‌లో ఎలక్ట్రానిక్స్ చదువు చదివింది. చదువుతున్నన్ని రోజులూ నా దగ్గరే ఉండి బస్సులో పోయి వచ్చేది. వసారాలో పాత బల్ల వేసుకుని, పొగలు వచ్చే కమ్మీతో సన్నటి తీగలు అతికించేది. ఆ వాసన ఇల్లంతా ఉండేది. కరెంటు దండగ అని ఎన్నోసార్లు గొణిగాను. కానీ ఆమె చేతులు చూస్తూ నిలబడేదాన్ని కూడా. నాట్లు వేసే ఆడవాళ్లలో కొందరికి అట్లాంటి చేయి ఉంటుంది. ఎక్కడా ఆగదు, ఎక్కడా తొందరపడదు.

చదువు అయిపోయాక ఆమె ఒక డబ్బా తయారు చేసింది. బోరులో నీళ్లు ఎంత లోతుకు దిగాయో గడియగడియకూ కొలిచి, లోపల ఒక చిన్న కార్డులో రాసుకునే డబ్బా. కరీంనగర్‌లో నీళ్ల పని చేసే ఒక సంస్థవాళ్లు దాన్ని చూశారు. వానకాలం మొదలుకొని ఎండాకాలం దాకా ఏ రోజూ తప్పకుండా రాస్తే, ఇట్లాంటివి చాలా ఊళ్లలో పెట్టిస్తామనీ, వాటిని చేసే పని శ్రావణికే ఇస్తామనీ అన్నారు. డబ్బాను మా పొలం దగ్గరి మోటారు గదిలో పెట్టారు. గోడకు బిగించి, కింద ఒక బ్యాటరీ పెట్టింది శ్రావణి. నల్లటి ఇటుక లాంటి బ్యాటరీ.

కరెంటు ఉండగా బ్యాటరీ ఎందుకని అడిగాను. దండగ కనిపిస్తే అడగకుండా ఉండలేను.

"కరెంటు పోతది గద బాపమ్మా" అంది.

"పోతే పోతది. వచ్చినంక మల్ల రాసుకుంటది."

"అట్ల కాదు. ఏది ఎక్కడ రాసిందో చెప్పే పట్టీ ఒకటి ఉంటది కార్డుల. దాన్ని దిద్దుతున్నప్పుడు సగంల కరెంటు పోయిందనుకో, పట్టీ కరాబైతది. రాసినయన్నీ లోపల్నే ఉంటయి. గని ఏదీ దొరకది."

"రెండు పట్టీలు పెట్టు మరి."

శ్రావణి నవ్వింది. "పెట్టిన. ఎవలను చూసి నేర్చుకున్న అనుకున్నవ్? కొత్త విత్తనం ఇంట్లకు రానిదే పాత విత్తనం ముట్టనియ్యవు గద నువ్వు. డబ్బ గూడ అంతే. ఒక పట్టీ మంచిగ రాసినంకనే రెండోది ముడుతది. అయినా కార్డుకు జరంత సేపు గావాలె, చేతిలున్న పని పూర్తి జేసి మూత పెట్టుకునేటందుకు. ఆ జరంత సేపు బ్యాటరీ ఇస్తది. అది ఇయ్యకుంటే ఎన్ని పట్టీలున్నా భరోసా లేదు."

ఇదంతా నాకు అర్థమయ్యేటట్టే చెప్పింది. అందుకే, చదువు రాని ముసలిదాన్ని, నాకేం తెలుసు అని నేను అనలేను. నాకు తెలుసు. నా విత్తనాల గుమ్మిని చూపించి మరీ చెప్పింది.

వానలు పడ్డాయి. పత్తికి పచ్చదోమ పట్టింది. మందు కొట్టే పంపులో బ్యాటరీ పాతబడిపోయింది. రాజయ్య పంపు వీపున వేసుకుని నాలుగు సాళ్లు పోయేసరికి అది నీరసపడేది. మళ్లీ చార్జింగ్ పెట్టాలి, మళ్లీ మొదలు. దోమ ఆగదు. కొత్త బ్యాటరీ కొనమని రాజయ్య రోజూ సతాయించేవాడు. ఇంకా నడుస్తున్న వస్తువు ఉండగా కొత్తది కొనడం నాకు చేతకాదు.

ఒకనాడు పొద్దున మోటారు వేయడానికి పోయాను. గోడ కింద శ్రావణి బ్యాటరీ కనిపించింది. పంపులోది, ఇదీ ఒకటే. ఒకటే కొలత, ఒకటే నలుపు, తీగలు తగిలించే రేకులు కూడా ఒకటే. చాలాసేపు చూశాను.

అప్పుడు నా ఆలోచన ఎట్లా సాగిందో సరిగ్గా చెబుతాను. ఈ డబ్బాకు కావలసింది జరంత సేపే అని పిల్లే చెప్పింది. పాత బ్యాటరీ పూర్తిగా చచ్చిపోలేదు, జరంత సేపు నడుస్తూనే ఉంది. అది చాలని పంపుకు అది ఉంది. అంత అక్కరలేని డబ్బాకు మంచిది ఉంది. రెండూ అటుదిటు చేస్తే దేనికి ఎంత కావాలో అంతే అందుతుంది. వండేటప్పుడు పెద్ద గిన్నెకు పెద్ద పొయ్యి, చిన్న గిన్నెకు చిన్న పొయ్యి అన్నట్టు. ఇందులో తప్పు ఎక్కడుందో అప్పుడు నాకు కనిపించలేదు. ఇప్పుడు చదివినా లెక్క సరిగ్గానే ఉన్నట్టుంటుంది. అదే నాకు భయం వేస్తుంది.

మార్చాను. డబ్బా మీద ఒక పచ్చ లైటు ఉండేది, బ్యాటరీ బాగుంటే వెలిగేది. పాతది పెట్టినా వెలిగింది. దాన్ని చూసి నాకు ధీమా వచ్చింది. శ్రావణికి చెబుదామనుకున్నాను. ఆ రోజు ఆమె కరీంనగర్ పోయింది. తరువాత చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? వద్దంటుందని తెలుసు కాబట్టే. ఒప్పుకుంటుందని నమ్మకం ఉంటే సాయంత్రమే చెప్పి ఉండేదాన్ని.

పంపు బాగా నడిచింది. "పెండ్లికొచ్చిన గుర్రం లెక్క ఉరుకుతుంది పటేలమ్మా, ఏం తినిపిచ్చినవ్?" అన్నాడు రాజయ్య. మందులు కొట్టడం అయిపోయింది. అప్పుడైనా తిరిగి మార్చి ఉండవచ్చు. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది కదా అని ఊరుకున్నాను. పత్తి ఏరారు. యాసంగి నాట్లు పడ్డాయి. ఈదురుగాలులకు కరెంటు పోతూ వస్తూ ఉండేది. ఒక్కొక్కసారి వచ్చినట్టే వచ్చి, అందరి మోటార్లూ ఒక్కసారి లేచేసరికి మళ్లీ పడిపోయేది. శ్రావణి వారానికొకసారి పొలానికి పోయి, లైటు చూసి, దుమ్ము తుడిచి వచ్చేది. ఎండాకాలం దాకా కార్డు తీయవద్దని సంస్థవాళ్లు చెప్పారు. మధ్యలో మనిషి చేయి పడకుండా నడుస్తుందా లేదా అన్నదే వాళ్ల పరీక్ష. మనిషి చేయి పడిందని వాళ్లకు తెలియదు.

వాళ్లు వచ్చిన రోజు ఎండ బాగా ఉంది. ఇద్దరు వచ్చారు. శ్రావణి మోటారు గదిలో నుంచి కార్డు తెచ్చి మా వసారాలోనే వాళ్ల కంప్యూటర్‌కు ఇచ్చింది. నేను మజ్జిగ కలుపుతున్నాను. కంప్యూటర్ కార్డును గుర్తుపట్టలేదు. శ్రావణి తన కంప్యూటర్‌లో పెట్టింది. ఏదేదో చేసింది. కొన్ని ముక్కలు వచ్చాయి, అర్థం లేని గీతలు. వానకాలం మొదట్లోవి కొన్ని దొరికాయి. ఆ తరువాత ఏమీ లేదు. వాళ్లలో పెద్దాయన చెడ్డవాడు కాదు. మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టి, "ఇట్లాంటివి టేబుల్ మీద నడుస్తయమ్మా, ఊళ్లల్ల నడువయి. ఇంకేమన్న పని చూసుకో" అన్నాడు. శ్రావణి సరే సార్ అంది. వాళ్లను బండి దాకా సాగనంపింది. లోపలికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది.

నాకు అప్పుడే తెలిసిందా? తెలిసింది. మజ్జిగ గ్లాసు చేతిలో ఉండగానే తెలిసింది.

ఇప్పటిదాకా రాసింది తెలియక చేసిన పని అని మీరు నన్ను క్షమించగలరు. ఇకమీదట రాసేది అట్లాంటిది కాదు.

తెల్లవారి శ్రావణి ఇంకా లేవలేదు. పంపులో నుంచి మంచి బ్యాటరీ తీశాను. గంపలో పెట్టి, పైన గడ్డి కప్పుకుని పొలానికి పోయాను. డబ్బా కింది పాత బ్యాటరీ తీసి మంచిది పెట్టాను. తీగలు ముందు ఎట్లా ఉన్నాయో అట్లాగే బిగించాను. దుమ్ములో పాత బ్యాటరీ అడుగు గుర్తు ఉంటే చేత్తో అలికేశాను. ఇంటికి వచ్చి పాతదాన్ని పంపులో పెట్టి స్విచ్ వేసి చూశాను. ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. జరంత సేపు కూడా లేదు. దానిలో అది ఎప్పటి నుంచి లేదో నాకు తెలియదు. పచ్చ లైటుకు సరిపోయేంత మాత్రం ఉండి ఉంటుంది. పాత సామాన్ల బండి వస్తే దాన్ని ఇచ్చేశాను. బేరం ఆడలేదు. బండివాడు నా మొహం చూశాడు.

ఎందుకు చేశాను? పిల్ల నన్ను తిడుతుందని కాదు. ఆమె తిట్టదు. ఈ ఇంట్లో ఎవరు ఏది పాడుచేసినా అడిగేది నేను. పాలు పొంగితే పండక్కి వచ్చిన కోడల్ని అడిగాను, తాడు తెగితే రాజయ్యను అడిగాను. నన్ను ఎవరూ అడిగింది లేదు. అడిగించుకోవడం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. తెలుసుకోవడం ఇష్టం లేక చేశాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని చాలాసార్లు వెతికాను. లేదు.

మధ్యాహ్నం శ్రావణి లేచి మొహం కడుక్కుని పొలానికి పోయింది. డబ్బా, బ్యాటరీ రెండూ ఇంటికి తెచ్చింది. వాకిట్లో కూర్చుని బ్యాటరీకి ఒక బల్బు తగిలించింది. లైటు వెలగడం ఒకటి, బరువు మోయడం ఒకటి బాపమ్మా, బల్బు పెడితే దాని సత్తువ తెలుస్తది అని, నేను అడగకపోయినా చెప్పింది. నేను చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నాను.

బల్బు వెలిగింది. శ్రావణి మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని దాన్నే చూస్తూ కూర్చుంది. అది ఆరిపోవాలని చూస్తోంది. ఆరిపోతే తప్పు బ్యాటరీది. నాకు అది తెలుసు. నేనూ బల్బునే చూస్తున్నాను. ఆరిపోలేదు. ఎండ వాకిలి దాటి గోడ ఎక్కింది. బల్బు అట్లాగే ఉంది. బియ్యంలో రాళ్లు ఎప్పుడో అయిపోయాయి. మళ్లీ మొదటి నుంచి ఏరుతున్నాను.

అప్పుడు అడిగింది. నా వైపు చూడకుండానే.

"బాపమ్మా, డబ్బను ఎవలన్న ముట్టిండ్రా?"

"ఎవలు ముడుతరు?"

"నువ్వు గిట్ల ఏమన్న జరిపినవా? ఊడ్సేటప్పుడన్న?"

"నాకేం పని దాంతోని? నేనెందుకు ముడుత?"

"ఏం లేదు. ఊకెనే అడిగిన. ముట్టినా ఏమనను గద."

"ముట్టలే అంటున్న గద. నీ పని కరాబైతే ఇంట్లోల్ల మీద పెడుతవా?"

ఆ చివరి మాట అనవసరం. ముట్టలేదు అన్నదానితో ఆగి ఉంటే అబద్ధం ఒకటే అయ్యేది. గట్టిగా మాట్లాడితే నిజమనుకుంటారని నాకు అలవాటు. శ్రావణి తల ఊపింది. బల్బు ఊడదీసింది. "బ్యాటరీ మంచిగనే ఉంది. అంటే నేను రాసుడే తప్పు రాసిన" అంది. నాతో కాదు, తనతోనే. గొంతులో ఏడుపు లేదు. ఆ మాట అన్న తీరు మాత్రం నాకు గుర్తుంది. ఇల్లు అమ్మేసినవాళ్లు తాళంచెవి ఇచ్చేటప్పుడు అట్లా మాట్లాడతారు.

డబ్బా ఎట్లా నడవాలో చెప్పే రాత ఆమే కంప్యూటర్‌లో రాసి డబ్బాలోకి ఎక్కించింది; ఆ తరువాత ఆ ఎండాకాలమంతా ఆ రాతలో తప్పు వెతికింది. కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్క వరసా చదివేది. రెండు పట్టీల దగ్గరకు వచ్చి ఆగేది. ఇది సరిగ్గానే ఉంది కదా అనేది. మళ్లీ చదివేది. డబ్బాను బల్ల మీద పెట్టి ప్లగ్గు పీకేది, పెట్టేది, పీకేది. మంచి బ్యాటరీ ఉంది కాబట్టి డబ్బా ఒక్కసారీ తప్పలేదు. ఇక్కడ తప్పదు, అక్కడ ఎందుకు తప్పింది? లేని తప్పు ఎట్లా దొరుకుతుంది? దొరికితే దిద్దుకునేది, మళ్లీ నిలబడేది. దొరకలేదు కాబట్టి తప్పు తనలోనే ఎక్కడో ఉందని, తనకు కనిపించనంత లోపల ఉందని అనుకుంది. నేను రోజూ ఆమెకు చాయ పెట్టి ఇచ్చాను. పరేషాన్ కాకు బిడ్డా అన్నాను. ఆ మాట అనగలిగాను. అంటుంటే నాకు ఏమీ కాలేదు. చేతులు చాయ పోశాయి, నోరు మాట్లాడింది.

వానలు వచ్చేసరికి ఆమె ఆ పొగ కమ్మీ, తీగలు, అన్నీ ఒక సంచిలో కట్టి అటక మీద పెట్టింది. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక కాలేజీ ఆఫీసులో పిల్లల హాజరు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంది. పని మీద ఫిర్యాదు లేదు. ఒక్కొక్క పేరు ఎక్కించాక మీట నొక్కి దాచి, దాచిందా లేదా అని తెరిచి చూసి, మళ్లీ నొక్కుతుందట. తోటివాళ్లు నవ్వుతారట. తనే నవ్వుతూ చెప్పింది.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మొన్న ఆమె సెలవుకు వచ్చింది. పక్కింటి మల్లయ్య తన మోటారుకు పెట్టుకున్న ఆటో స్టార్టర్ పట్టుకుని వచ్చాడు. కరెంటు పోయి వస్తే పెట్టిన టైములన్నీ మరిచిపోతోందట. "నువ్వు చదివినదే గద బిడ్డా, జర చూడు" అన్నాడు. శ్రావణి చేతులు వెనక్కి పెట్టుకుంది. నిజంగానే, చిన్నపిల్లలు పెట్టుకున్నట్టు. "నాకు రాదు కాకా. నేను ముడితే ఉన్నది గూడ పోతది" అంది.

మల్లయ్య పోయాడు. శ్రావణి వెళ్లి బట్టలు మడతపెట్టుకుంది. నేను పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాను. ఆ మాట ఆమెది కాదు. ఆమె నోట్లో నేను పెట్టింది. ఆమె దాన్ని మింగి, అరిగించుకుని, ఇప్పుడు తన సొంత మాటలాగా అంటోంది. అది విన్నప్పుడు కూడా నాకు కన్నీళ్లు రాలేదు. కూర మాడుతున్న వాసన వచ్చింది. దించాను.

చెప్పవచ్చు కదా అని మీరు అంటారు. నోటిదాకా తెచ్చుకున్నాను. చెబితే ఏమవుతుందో ఆలోచించాను. పిల్ల కోప్పడదు. ఆ ఎండాకాలం మొత్తాన్నీ వెనక్కి తిప్పి చూసుకుంటుంది. చాయ గ్లాసులు గుర్తుకు వస్తాయి. బియ్యం చాట గుర్తుకు వస్తుంది. నేను పక్కనే కూర్చుని చూస్తూ ఉన్నానని తెలుస్తుంది. పోయిన పని తిరిగి రాదు. తన చేయి మీద నమ్మకం తిరిగి వస్తుందా? రావచ్చు. ఆ ఒక్కటి వచ్చే వీలుండగా కూడా నేను చెప్పకుండా ఉన్నాను. ఇది పాత తప్పు కాదు. ఈరోజు తప్పు. రోజూ పొద్దున లేచి మళ్లీ చేస్తున్నాను.

ఆమె మళ్లీ వచ్చినప్పుడు చెబుతానని ఇక్కడ రాయను. రాస్తే మీరు నన్ను మంచిదాన్ని అనుకుంటారు, నేనూ అనుకుంటాను, అక్కడితో అయిపోతుంది. ఎదురుగా కూర్చుంటే నోరు వస్తుందో లేదో నాకు తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సిన మనిషి మీరు కాదు.

ఇంత రాసేసరికి చేయి నొస్తోంది. నొస్తోందని తెలుస్తోంది, అదే నయం. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా, ఖాళీ ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా, ఈ మాటలు పైకి అనలేదు. అందుకే ఇప్పుడు ఒక్కొక్క మాటా పైకి అని, రాస్తున్నాను. మంచి బ్యాటరీ తీసింది నేను. పాతది పెట్టింది నేను. తిరిగి మార్చింది నేను. అడిగితే ముట్టలేదని అన్నది నేను. ఆ పిల్ల రాసినదాంట్లో ఏ తప్పూ లేదు.